అయస్కాంతపు గది గుమ్మమున అడుగవలసిన ప్రశ్నలు

మన సంఘ సభ్యులలో డెబ్బది యేండ్లు దాటిన పెద్దలొకరు నడుము నొప్పి తాళలేక గత మాసమున కోయంబత్తూరు నగరములోని ఒక ఆసుపత్రికి పోయిరి. ఎమ్.ఆర్.ఐ. అను అయస్కాంత పరీక్ష చేయించవలెనని వైద్యులు వ్రాసియిచ్చిరి. పరీక్షకు ముందు నింపవలసిన కాగితము ఆంగ్లమున నున్నది. బల్లవద్ద కూర్చున్న యువకుడు తొందరలో నుండి, ప్రశ్నలన్నిటికిని 'లేదు' అని తానే గీతలు గీచెను. మనుమడు సంతకము చేసెను. పెద్దవారు ఆసుపత్రి అంగీ తొడిగికొని గది గుమ్మమువరకు వచ్చిరి. అక్కడ యంత్రము నడుపు అమ్మాయి, ఆమెయు మన ఇండ్లలోని బిడ్డయే గాబోలు, వారి మాటలో యాస గుర్తుపట్టి, “తాతా, మీరు ఏమి పని చేస్తా ఉంటిరి?” అని తెలుగున అడిగినది. “లేత్ పట్టెడలో ముప్పై ఏండ్లు ఉంటిని, అమ్మా,” అనిరి. “కంట్లో ఎప్పుడైనా ఇనుము పడిందా?” “పడకుండా ఉంటుందా? ఒకసారి డాక్టరు సూదితో తీసినాడు.”

ఆ అమ్మాయి పరీక్ష నిలిపి, ముందుగా కంటికి ఎక్స్‌రే తీయించినది. ఆవగింజలో సగమంత ఇనుప తునక ఎడమ కంటిలో నేటికిని ఉన్నట్లు తేలినది. అందుపై వైద్యులు ఎమ్.ఆర్.ఐ. మాని, సీ.టీ. పరీక్షతో సరిపెట్టుకొనిరి. ఈ సంగతి పెద్దవారే మా అంగడికి వచ్చి చెప్పిరి. “కాగితం నింపేటప్పుడు ఎవరైనా అడిగి ఉంటే చెప్పి ఉండనా?” అని వారనిన మాట మా చెవిలో ఇంకను మ్రోగుచున్నది. ఇట్టి ప్రమాదము ఊహాజనితము కాదు. రేకుల పని చేసి మానిన యొక అమెరికా కార్మికునికి ఈ పరీక్షలో కంటనున్న లోహపు తునక కదలి ఆ కంటిచూపు పోయిన సంగతి 1986లోనే అక్కడి వైద్య పత్రికలో ప్రకటింపబడినది. మన నగరము లేత్‌లకును, మోటారు పంపులకును, ఫౌండ్రీలకును పేరు పొందినది. మన కుటుంబములలో ఆ పట్టెడలలో కండ్లు ఎఱ్ఱజేసికొననివారు ఎందరు? కావున ఈ వారము ఈ విషయమును గూర్చి వ్రాయుట మా విధియని తలంచుచున్నాము.

మేము వైద్యులము కాము. మెట్రిక్కువరకు చదివి, తూకపు రాళ్ళతో బ్రదుకువారము. అయినను ఇద్దరు వైద్యులను అడిగి తెలిసికొన్నదానిని మన ఇండ్లవారికి అర్థమగునట్లు చెప్పుదుము.

మొదట భయమును గూర్చి చెప్పవలెను. మన సంఘమునందే ఒక యిల్లాలు 'రేడియేషన్ తగులును' అను భయముచే ఎమ్.ఆర్.ఐ. పరీక్షను ఆరు మాసములు వాయిదా వేసి, వ్యాధి ముదిరిన పిదప పోయినారు. ఈ భయమునకు ఆధారము లేదు. ఎక్స్‌రే, సీ.టీ. యంత్రములలోని కిరణములు కణములలోని అణువులను చీల్చగల శక్తి గలవి. అందువలననే వాటిపై అణుశక్తి నియంత్రణ మండలి పర్యవేక్షణ కలదు. ఎమ్.ఆర్.ఐ. యంత్రములో ఆ జాతి కిరణములు లేనే లేవు. అందున్నవి మూడు: ఒక గొప్ప అయస్కాంతము, నిమిష నిమిషమునకు మారుచుండు చిన్న అయస్కాంత క్షేత్రములు, రేడియో తరంగములు. మన దేహములోని నీటియందు గల హైడ్రోజను కేంద్రకములు ఆ అయస్కాంతమునకు లోబడి నిలిచి, రేడియో తరంగము తాకినప్పుడు బదులు పలుకును. ఆ బదులునుండి యంత్రము చిత్రము కూర్చును. ఈ విద్యకు మార్గము చూపిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులకు 2003లో నోబెల్ బహుమానము వచ్చినది.

విద్యుదయస్కాంత క్షేత్రముల వలన పుట్టకురుపు వచ్చునను మాట ఎక్కడనుండి పుట్టినది? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధనా సంస్థ 2002లో విద్యుత్తు తీగలవంటి వాటి అయస్కాంత క్షేత్రములను, 2011లో రేడియో తరంగములను '2బి' తరగతిలో చేర్చినది. ఆ తరగతికి అర్థము 'కారణము కావచ్చునేమో, సాక్ష్యము పరిమితము' అని మాత్రమే. ఆ నిర్ణయములు ఏండ్ల తరబడి ఇంటను, చెవివద్దను ఉండు క్షేత్రములను గూర్చినవి. అరగంట జరుగు వైద్య పరీక్షను గూర్చినవి కావు. సెల్‌ఫోనుకును మెదడు క్యాన్సరుకును సంబంధము కానరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్ష 2024లో ప్రకటింపబడినది. గర్భవతులకు సైతము అవసరమైనచో, రంగుమందు ఎక్కింపకయే, వైద్యులు ఎమ్.ఆర్.ఐ. చేయింతురు. కావున అవసరమని వైద్యుడు చెప్పిన పరీక్షను ఈ భయముతో మానుట పొరపాటు.

మరి అపాయము లేదా అనగా, ఉన్నది. కాని జనులు భయపడుచోట కాదు, భయపడనిచోట ఉన్నది.

ఆ గొప్ప అయస్కాంతము బలము సాధారణముగా 1.5 లేక 3 టెస్లాలు. అందు చిన్నది సైతము భూమి యొక్క అయస్కాంతశక్తికి ముప్పది వేల రెట్లు మించినది. ద్రవ హీలియములో, సున్నకు దిగువ 269 డిగ్రీల చలిలో ఉంచిన తీగచుట్టలో ఆ శక్తి ఎల్లప్పుడు ప్రవహించుచుండును. రాత్రియు పగలును, రోగి ఉన్నను లేకున్నను, దీపములు ఆర్పినను ఆ అయస్కాంతము మేల్కొనియే యుండును. ఈ ఒక్క సంగతి తెలియకపోవుట వలననే మనుష్యులు చనిపోయిరి. 2001లో న్యూయార్కు రాష్ట్రమున ఆరేండ్ల బాలుడు యంత్రములో ఉండగా, గదిలోనికి తెచ్చిన ఆక్సిజను సిలిండరు ఎగిరివచ్చి తగిలి మరణించెను. 2018 జనవరిలో ముంబయిలోని ఒక పెద్ద ఆసుపత్రిలో రోగి బంధువైన యువకుడు ఆక్సిజను సిలిండరు పట్టుకొని గదిలోనికి పోయి, సిలిండరుతో కూడ యంత్రములోనికి లాగబడి ప్రాణములు కోల్పోయెను; యంత్రము ఆపియున్నదని తమకు చెప్పిరని బంధువులు ఆరోపించిరి. 2025 జూలైలో మరల న్యూయార్కు రాష్ట్రముననే, పరీక్ష ముగిసిన భార్యను లేపుటకు గదిలోనికి వచ్చిన భర్తను మెడలోని గొలుసు లాగివేసినది. అది వ్యాయామమునకై వేసికొన్న, సుమారు 9 కిలోల లోహపు గొలుసు. ఆయన మరుసటి దినము మరణించెను.

పై ముగ్గురిలో ఇద్దరు రోగులు కారు, రోగి వెంట వచ్చినవారు. మనవారు ఆసుపత్రికి పోవుట యన్న ఒకరు పోవుట కాదు, ఇల్లంతయు కదలుట. తోడు పోవు కొడుకు జేబులో తాళపుగుత్తి, కోడలి కొప్పులో సూదులు, చక్రముల కుర్చీ త్రోయు అల్లుని నడుమునకు బెల్టు. రోగిని తనిఖీ చేసినట్లే తోడు వచ్చినవారిని కూడ తనిఖీ చేయవలెను. చేయని ఆసుపత్రిలో మనమే గుమ్మము బయట ఆగవలెను.

రెండవ అపాయము వేడిమి. రేడియో తరంగములు దేహమును కొంత వేడెక్కించును. సాధారణ పద్ధతిలో దేహపు బరువు కిలో ఒక్కింటికి 2 వాట్లు మించరాదని నియమము. రోగి బరువును బట్టి యంత్రము ఈ లెక్క కట్టును గనుక, బరువు అడిగినప్పుడు నిజము చెప్పవలెను. తప్పు తూకము అంగడిలో డబ్బు పోగొట్టును. అక్కడ చర్మము కాల్చవచ్చును. దేహముపై గల తీగ చుట్టగా పడియున్నను, చర్మము చర్మమునకు తగిలి వలయము ఏర్పడినను, అక్కడ విద్యుత్తు ప్రవహించి బొబ్బలెక్కిన సందర్భములు కలవు. ఆ ఇరుకు గొట్టములో పడుకొన్న మన పెద్దలు భయముతో చేతులు జోడించి దేవుని తలంతురు. ఆ జోడించిన చేతులే అట్టి వలయము. చేతులు ప్రక్కలకు విడిగా ఉంచుడని, దేవుని మనసులో తలంపుడని ముందే చెప్పి పంపవలెను. కొన్ని మందు పట్టీల వెనుక లోహపు రేకు ఉండును. జరీ అంచు చీరలో లోహపు పోగు ఉండును. మొలత్రాటి తాయెత్తులో ఏ లోహమున్నదో కట్టినవానికే తెలియును. ఇవన్నియు తీసిపోవలెను. బంగారు మంగళసూత్రమును అయస్కాంతము లాగదు గాని అదియు తీయవలసినదే. తీయుటకు మనసొప్పని సువాసినులు ఆ కొంతసేపు పసుపుకొమ్ము కట్టిన నూలుత్రాడు ధరించినచో ఏ విఘ్నమును లేదు. యంత్రపు మ్రోత వంద డెసిబెళ్ళు దాటును. చెవులలో దూది కాదు, వారు ఇచ్చు చెవి బిరడాలు సరిగా పెట్టుకొనవలెను.

మూడవది దేహములోపలి పరికరములు. గుండెకు పెట్టిన పేస్‌మేకరు, చెవిలో అమర్చిన వినికిడి యంత్రము, మెదడు రక్తనాళమునకు వేసిన క్లిప్పు, ఇన్సులిను పంపు: వీటిలో కొన్ని ఈ అయస్కాంతమునకు ఓర్చుకొనును, కొన్ని ఓర్చుకొనవు. కొన్ని నియమములతో ఎమ్.ఆర్.ఐ.కి తగిన పేస్‌మేకర్లు 2011 నుండి అమెరికాలో అనుమతి పొంది, పిమ్మట మన దేశమునను వచ్చినవి. వాటిని సైతము పరీక్షకు ముందు ప్రత్యేక పద్ధతిలోనికి మార్చి, పిదప సరిచూడవలెను. ఏది ఏ రకమో చెప్పగలిగినది పరికరము పెట్టిననాడు ఇచ్చిన చిన్న కార్డు మాత్రమే. ఆ కార్డు ఎన్ని ఇండ్లలో దొరకును? రేషను కార్డు, ఇంటిపన్ను రశీదు భద్రముగా నుంచు మనము దానిని మందుల సంచితో పారవేయుచున్నాము.

ఈ మాట కీళ్ళ నొప్పులకు ఇచ్చు డయాథర్మీ చికిత్సకును వర్తించును. అది 27.12 మెగాహెర్ట్జుల రేడియో శక్తితో లోపలి కండరములను వేడి చేయు పద్ధతి. నొప్పికి హాయిగా నుండును గనుక దానిని జనులు వేడినీళ్ళ కాపడము వంటిదే యనుకొందురు. కాని పేస్‌మేకరు గలవారికి, మెదడులో గాని వెన్నులో గాని విద్యుత్ తీగ అమర్చినవారికి, చికిత్స చేయుచోట లోహపు కమ్మి గలవారికి, గర్భవతులకు అది తగదు. మెదడులో తీగ అమర్చిన రోగులకు డయాథర్మీ ఇచ్చుటచే మరణములు కలిగినందున అమెరికా ప్రభుత్వపు ఔషధ శాఖ 2002లో హెచ్చరిక చేసినది. అక్కడను మూలకారణము ఒక్కటే: అడుగవలసిన ప్రశ్న అడుగలేదు, చెప్పవలసిన మాట చెప్పలేదు.

ఇక మా తప్పును మేమే ఒప్పుకొనవలసిన చోటికి వచ్చితిమి. గత దీపావళి సంచికలో ఈ పత్రికయందే ఒక అయస్కాంతపు నడికట్టు ప్రకటన వేసితిమి. రక్తపోటు, మధుమేహము, కీళ్ళవాతము పోవునని అందు వ్రాసియుండెను. మన సంఘ మందిరమును అయస్కాంతపు పరుపుల వారికి మూడు దినములు అద్దెకిచ్చితిమి. వచ్చిన సొమ్ము విద్యార్థుల పుస్తకములకు ఉపయోగపడినది నిజమే. కాని ఆ సొమ్ము చేసిన పుణ్యము ఆ ప్రకటన చేసిన హానిని తీర్చదు. మధుమేహపు మాత్రలు మాని నడికట్టు కట్టుకొన్నవారు మన వీథిలోనే ఇద్దరు కలరని పిదప తెలిసినది.

రక్తములో ఇనుమున్నది గనుక అయస్కాంతము రక్తమును పరుగెత్తించునని ఆ అమ్మకపువారు చెప్పుదురు. రక్తములోని ఇనుము అయస్కాంతము లాగు జాతిది కాదు. అదే నిజమైనచో నడికట్టుకంటె ఎన్నో రెట్లు బలముగల ఎమ్.ఆర్.ఐ. గొట్టములో పడుకొన్నవాడు బ్రదికి బయటపడునా? ఈ వ్యాపారము నేటిది కాదు. 1784లో పారిసు నగరమున మెస్మరు అను వైద్యుని 'జంతు అయస్కాంతము' ధాటిగా సాగుచుండగా, ఫ్రాన్సు రాజు నియమించిన సంఘము, ఫ్రాంక్లిను, లవాజియే వంటి పండితులతో కూడినది, పరీక్షించి ఆ ఫలితములన్నియు రోగుల భావన వలన కలుగునవే యని తేల్చినది. మన దేశమున 1954లో వచ్చిన మాయామందుల ప్రకటనల నిషేధ చట్టము మధుమేహము, రక్తపోటు, పక్షవాతము, క్యాన్సరు వంటి వ్యాధులను కుదుర్తుమను ప్రకటనలను నిషేధించుచున్నది. ఆ ప్రకటన వేయుటకు ముందు మేము ఆ చట్టమును చూడవలసియుండెను, చూడలేదు. పైగా అయస్కాంతపు పరుపు నిష్ఫలమేగాని నిరపాయకరమని కూడ చెప్పలేము. బలమైన అయస్కాంతము ఎదురొమ్ముకు దగ్గరగా నుండినచో పేస్‌మేకరు పనితీరు మారిపోవును. ఆరంగుళములైన దూరము ఉండవలెనని నిపుణుల సలహా.

ఇందువలన అయస్కాంతముతో జరుగు చికిత్స లన్నియు బూటకములని అర్థము కాదు. అతుకని ఎముకకు స్పందించు విద్యుదయస్కాంత క్షేత్రమును ఇచ్చు పద్ధతిని అమెరికా ప్రభుత్వము 1979లోనే అనుమతించినది. మందులకు లొంగని మనోవ్యాకులతకు తలపై అయస్కాంత స్పందనలిచ్చు చికిత్స 2008లో అనుమతి పొందినది; దానికి ఫిట్లు వచ్చు అపాయము అరుదుగా కలదు గనుక పూర్వము ఫిట్లు వచ్చినవారు ముందే చెప్పవలెను. అపాయము ఎంతయో కొలిచి, ముందుగా ప్రశ్నలడిగి చేయునది వైద్యము. ఏ ప్రశ్నయు అడుగక అందరికిని ఒకే నడికట్టు కట్టునది వ్యాపారము. వ్యాపారులమైన మాకు ఆ భేదము తెలియలేదనుట చెల్లదు.

ఇప్పుడు చేయవలసినదేమి? మన రాజ్యాంగమునకు 1956లో చేసిన సవరణ భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో నుండవలెనని చెప్పినది. మనము పాఠశాలలకొరకు, తెలుగు ఉపాధ్యాయులకొరకు అర్జీలు పెట్టితిమి. ఆసుపత్రి కాగితమును గూర్చి ఒక్క అర్జీయు పెట్టలేదు. ముసలితనమున, నొప్పిలో, భయములో మనిషికి మిగులునది తల్లి నేర్పిన మాటయే. బజారులో అరవము ధారాళముగా మాట్లాడు మన పెద్దలు సైతము 'ఇంప్లాంటు' అన్న తెల్లబోవుదురు. 'కాలిలో కమ్మి ఉన్నదా, గుండెలో బ్యాటరీ ఉన్నదా' అన్న వెంటనే చెప్పుదురు.

అయితే మరియొక నిజము కూడ ఒప్పుకొనవలెను. మన ఇండ్లలో తెలుగు మాట్లాడువారందరును తెలుగు చదువగలవారు కారు. అచ్చ తెలుగున అచ్చువేసి పంచినచో సగము ఇండ్లలో అది పొట్లము కట్టుటకే పనికివచ్చును. అందువలన తెలుగు మాటలనే తెలుగు లిపిలో ఒకవైపు, అరవ లిపిలో ఒకవైపు అచ్చువేసి, వైద్యులకు చూపించి, వచ్చే నెలలో ప్రతి సభ్యుని ఇంటికి పంపుటకు సంఘ కార్యవర్గము నిశ్చయించినది. అందలి ప్రశ్నలివి:

గుండెలో బ్యాటరీ గాని, చెవిలో, మెదడులో ఏదైన యంత్రము గాని పెట్టినారా? దాని కార్డు ఉన్నదా? కాలు, చేయి, నడుములో కమ్మి, మర, పలక వేసినారా? ఎప్పుడు, ఎక్కడ? పట్టెడలో, లేత్ వద్ద, వెల్డింగు పని ఎప్పుడైన చేసినారా? కంటిలో ఇనుము పడినదా? ఒంటిలో తూటా, తునక ఏదైన మిగిలినదా? కడుపుతో ఉన్నారా? మూత్రపిండముల జబ్బు ఉన్నదా? ఫిట్లు వచ్చినవా? ఒంటిపై మందు పట్టీ, తాయెత్తు, మెట్టెలు, కొప్పుసూదులు, కట్టుడు పండ్లు ఉన్నవా? తోడు వచ్చినవారి జేబులు ఖాళీ చేసినారా?

ఈ కాగితము ఆసుపత్రి కాగితమునకు బదులు కాదు. దానిని నింపుటకు సహాయము మాత్రమే. ఇంట పిల్లలు పెద్దలకు దీనిని చదివి వినిపించి, జవాబులు నెమ్మదిగా రాబట్టి, వ్రాసి పట్టుకొని పోవలెను. 'మా నాయనకు ఏమీ లేదు' అని తామే చెప్పివేయు కొడుకులను మేము ప్రత్యేకముగా వేడుకొనుచున్నాము: నలుబది యేండ్ల క్రిందట నాయన కంటిలో పడిన తునక సంగతి మీకు తెలియదు. ఆయననే అడుగుడు. తెలుగు తెలిసిన నర్సులు, యంత్రము నడుపువారు, ఫిజియోథెరపీ వారు మన సంఘమున ఎందరో కలరు. నెలకు ఒక ఆదివారము సంఘ మందిరమున కూర్చుండి పెద్దల సందేహములు తీర్చుటకు వారు ముందుకు రావలెనని కోరుచున్నాము. ప్రశ్నపత్రములు అరవములో ఉంచి, చదువలేనివారికి చదివి వినిపింపవలెనని నగరములోని ఆసుపత్రులకు అర్జీ కూడ సిద్ధమగుచున్నది. ఇది మన తెలుగువారికే గాదు, కన్నడమువారికి, మలయాళమువారికి, ఆంగ్లము రాని అరవ సోదరులకు కూడ మేలు చేయును.

ఈ పత్రికలో ఇకపై అయస్కాంతపు నడికట్టులకు, పరుపులకు, వ్యాధులన్నియు కుదుర్చు ఏ వస్తువునకును ప్రకటన వేయబడదు. సంఘ మందిరము వారికి అద్దెకు ఈయబడదు. పుస్తక నిధికి తగ్గిన సొమ్మును మా అంగడితో మొదలుపెట్టి సభ్యులు తలా కొంత పూరింపవలెను. చందా పుస్తకము కార్యదర్శి వద్ద ఉన్నది. కంటి తునకతో బయటపడిన ఆ పెద్దవారు నిన్న వచ్చి దానిలో మొదటి సంతకము చేసిపోయిరి.